ఆ కుడికాలు ఆనిన చోటు

గత అక్టోబరులో వర్జీనియాలో ఉంటున్న మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు, వాషింగ్టన్‌లో చూడవలసిన భవనాలన్నీ ఆమె ముందే రాసి ఉంచినా, నేను మొదటి ఉదయమే మెట్రో ఎక్కి షా–హోవర్డ్ యూనివర్సిటీ స్టేషనులో దిగి, జార్జియా అవెన్యూ మీద ఉన్న హోవర్డ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి నడిచాను. 1965లో కూల్చివేసిన గ్రిఫిత్ స్టేడియం ఆ స్థలంలోనే ఉండేది. బర్ట్ షెపర్డ్ అనే పిచ్చర్ (బ్యాటరుకు బంతి విసిరే ఆటగాడు), అమెరికాలో అత్యున్నత స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆడిన ఒకే ఒక్క ఆట అక్కడే జరిగింది.

1944 మే నెలలో జర్మనీ గగనతలంలో షెపర్డ్ నడుపుతున్న పి-38 యుద్ధవిమానాన్ని శత్రువులు కూల్చారు. ఆస్ట్రియా వైద్యుడొకరు ప్రాణం కాపాడినా, కుడికాలిని మోకాలి కింద నుంచి తీసివేయక తప్పలేదు. ఖైదీల శిబిరంలో తోటి ఖైదీ అయిన కెనడా సైనికుడు చేసి ఇచ్చిన కాలితోనే అతడు మళ్ళీ బంతి విసరడం మొదలుపెట్టాడు. ఎడమచేతి వాటం పిచ్చరు ఎడమకాలితో నేలను తన్ని, ఒంటి బరువునంతా ముందుకు వేసిన కుడికాలి మీద ఆపుకోవాలి. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలరు ముందుకాలు పడే తీరు చూసినవారికి, లేని పాదం మీద ఆ బరువు మోపడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

1945 ఆగస్టు 4న బోస్టన్ రెడ్ సాక్స్ నాలుగో ఇన్నింగ్స్‌లోనే 12 పరుగులు చేసేసింది; ఇంకా మూడు బేసుల్లోనూ (పరుగు పూర్తిచేసే దారిలోని మజిలీలు) ఆ జట్టు మనుషులుండగా, షెపర్డ్ జట్టు వాషింగ్టన్ సెనేటర్స్ అతడిని దింపింది. ఎదురైన మొదటి బ్యాటరు మెట్కోవిచ్‌ను అవుట్ చేసి, చివరిదాకా తానే వేసి, 3 హిట్లు (బ్యాటరును బేసుకు చేర్చే దెబ్బలు), 1 పరుగు మాత్రమే ఇచ్చాడు. జట్టు 15–4 తేడాతో ఓడింది. ఆ ఏడాది సెనేటర్స్ అగ్రస్థానం కోసం డెట్రాయిట్ జట్టుతో చివరిదాకా పోటీపడింది కనుక అతడిని మళ్ళీ దింపే సాహసం చేయలేదంటే కారణం అర్థమవుతుంది గాని, అంత బాగా వేసిన మనిషికి రెండో అవకాశం రాకపోవడాన్ని నా మనసు ఒప్పుకోదు.

ఒకప్పుడు బ్యాటరు నిలబడే హోమ్ ప్లేట్ ఉన్న చోటును ఆసుపత్రి లోపల గుర్తు పెట్టి ఉంచారు. పిచ్చరు నిలబడేది అక్కడికి అరవై అడుగుల ఆరు అంగుళాల దూరంలో. నా దగ్గరున్న పాత ఫొటోను బట్టి దిక్కు అంచనా వేసుకుని, అంగలు లెక్కపెడుతూ నడిచాను. ఆగిన చోట, ఎదురుగా వస్తున్న చక్రాల కుర్చీకి దారి ఇచ్చి, గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాను.