అయిదో నంబరు తీరాన మాఘమాసం

అండమాన్ యాత్ర అనగానే మన ట్రావెల్స్ వాళ్ళు చేతిలో పెట్టే కాగితంలో ఐదారు రోజులకు అన్నే దీవులు రాసి ఉంటాయి. పొద్దున్నే సామాను సర్దుకుని జెట్టీకి పరుగెత్తడం, ఫెర్రీ దిగి మరో గదిలో అదే సామాను విప్పడం, మర్నాడు మళ్ళీ అదే తంతు. పెద్దవాళ్ళకు అందులో సరదా ఉంటే ఉండవచ్చు గాని, మూడేళ్ళ పిల్లనూ ఆరేళ్ళ పిల్లవాణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళేవారికి అది యాత్ర కాదు, బదిలీల ఉద్యోగం. అందుకే మేము దీవులన్నీ చూడాలన్న ఆశ వదిలేసి, మాఘమాసం అంతా హావ్‌లాక్ దీవిలో ఒకే ఇంట్లో, ఒకే తీరం ఎదుట ఉండిపోయాం. మా అత్తయ్య, మామయ్య, మావారు, నేను, పిల్లలిద్దరు. చిన్నపిల్లలున్న ఇంటికి చూడవలసిన చోట్ల జాబితా కన్నా తెలిసిన ఒక్క తీరమే ఎక్కువ ఇస్తుందని నా అభిప్రాయం. అదెలాగో వివరంగా రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి. హావ్‌లాక్‌కు 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అనీ, పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అనీ పేర్లు మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్ళ నోట పాత పేర్లే వినిపిస్తాయి, నేనూ పాతవే వాడుతున్నాను. హావ్‌లాక్‌లో ఊళ్ళకు గోవింద్ నగర్, విజయ్ నగర్, రాధానగర్ వంటి పేర్లున్నా, తీరాలను మాత్రం నంబర్లతోనే పిలుస్తారు. జెట్టీ ఒకటో నంబరు, బజారు మూడో నంబరు, మేమున్న విజయ్ నగర్ అయిదో నంబరు, పేరుమోసిన రాధానగర్ ఏడో నంబరు. మావాడికి అంకెలు కొత్తగా వచ్చిన రోజులు కాబట్టి ఈ ఏర్పాటు వాడికి ఎంతగానో నచ్చింది.

విశాఖ నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరి, ఒక పూట అక్కడ ఆగాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేట మీద వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ చేపల బజారులో మా అత్తయ్య హిందీ మాటలు కూడదీసుకుంటూ ఉండగానే, గంప ముందు కూర్చున్న ఆవిడ, "ఏటి కావాలమ్మా? సూరుంది, చందువలున్నాయి, అన్నీ పొద్దుటియే" అన్నది. ఆ తరువాత బేరం జరగలేదు, వంశవృక్షం విప్పుకోవడం జరిగింది. సోంపేట పక్కన ఆవిడ తాతగారి ఊరు, ఆ పక్క ఊరిలోనే మా అత్తయ్య మేనత్త. చేపలు కొనడం సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

హావ్‌లాక్‌కు ఫెర్రీలు రెండు రకాలు. ప్రైవేటువి గంటన్నరలో చేరుస్తాయి, ఏసీ ఉంటుంది గాని అద్దాలు బిగించి ఉంటాయి, మూసిన గదిలో ఊగుతూ వెళ్ళడం చిన్నపిల్లల కడుపుకు పడదు. ప్రభుత్వ ఫెర్రీకి మరో గంట ఎక్కువ పడుతుంది, టికెట్లు దొరకడం కష్టం, అయినా పైకి వచ్చి గాలి పీల్చుకోవచ్చు. వెళ్ళేటప్పుడు ప్రైవేటు ఫెర్రీలో ఇద్దరు పిల్లలూ పోటీపడి వాంతులు చేసుకున్నారు, వచ్చేటప్పుడు ప్రభుత్వ ఫెర్రీలో ఎగిరే చేపల కోసం చూస్తూ కూర్చున్నారు.

ఇక దీవి మీద మొదట సర్దుబాటు చేసుకోవలసింది గడియారం. అండమాన్ మనకు చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే, అందువల్ల సూర్యుడు విశాఖ కన్నా దాదాపు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. ఫిబ్రవరిలో ఆరు కాకముందే ఎండ గదిలోకి వస్తుంది, సాయంత్రం ఐదున్నరకే అస్తమిస్తుంది. ఇంటి దగ్గర రాత్రి పది దాటినా పడుకోని పిల్లలు అక్కడ ఏడున్నరకల్లా అన్నం తిని నిద్రపోయేవారు. తెల్లవారుజామున మాఘస్నానానికి లేచే నాయనమ్మతో పాటే లేచేవారు. అయిదో నంబరు తీరం తూర్పు ముఖంగా ఉంటుంది కనుక సూర్యుడు నేరుగా నీళ్ళలోంచే పైకి వస్తాడు. రథసప్తమి నాడు అత్తయ్య విశాఖ నుంచి పొట్లం కట్టి తెచ్చుకున్న జిల్లేడాకులూ రేగుపళ్ళూ పిల్లల తలల మీద పెట్టి, మోకాళ్ళ లోతు నీళ్ళలో స్నానం చేయించింది. ఒక రేగుపండు అలతో పోయింది, దాన్ని వెతకడానికి మావాడు చాలాసేపు తీసుకున్నాడు.

గడియారం తరువాత ఆటుపోట్లు. ఈ తీరంలో రోజుకు రెండు సార్లు పోటు వస్తుంది, రెండు సార్లు ఆటు తీస్తుంది, ఆ వేళలు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. పోటు మీద నీళ్ళు కొబ్బరిచెట్ల మొదళ్ళ దాకా వచ్చి నిలుస్తాయి, పగడపు దిబ్బ అడ్డం ఉన్నందున అలలు ఉండవు, చిన్నపిల్లలు కూర్చుని ఆడుకోవడానికి అంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. ఆటు తీసినప్పుడు అదే సముద్రం వందల గజాల దూరం వెళ్ళిపోయి, రాళ్ళూ చచ్చిన పగడాలూ పైకి తేలతాయి. రెండు రోజులకు వచ్చిపోయే పర్యాటకులు ఆ సమయంలో వచ్చి, "ఈ బీచిలో నీళ్ళే లేవండీ" అని పెదవి విరిచి వెళ్ళిపోవడం మేము తరచుగా చూశాం. మామయ్య పంచాంగం చూసి తిథిని బట్టి లెక్క చెప్పేవారు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా తీస్తుంది, అష్టమి దగ్గర రెండూ మెత్తగా ఉంటాయి. జెట్టీ దగ్గర వేళల పట్టిక దొరుకుతుంది గాని, మావాడికి తాతయ్య లెక్క మీదే నమ్మకం.

నిజానికి పిల్లలకు ఆటు సమయమే అసలు పండుగ అయింది. రబ్బరు చెప్పులు తొడిగి రాళ్ళ మధ్య నిలిచిన నీటిగుంటల దగ్గర వదిలితే పూట గడిచిపోయేది. నల్లటి సముద్ర దోసకాయలు, నీలి రంగు నక్షత్ర చేపలు, వేలెడు పొడవైన చారల చేపలు ఆ గుంటల్లో ఉండేవి. అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టినవి గుల్లను వీపున మోసుకు తిరిగే పీతలు. ఒకసారి ఒక పీత తన గుల్ల కన్నా కాస్త పెద్దదైన ఖాళీ గుల్ల దగ్గర ఆగింది. కాళ్ళతో దాన్ని తిప్పి చూసింది, అంచు తడిమింది, లోపలికి గిట్ట పెట్టి కొలిచింది, వెళ్ళిపోయి మళ్ళీ వచ్చింది. చివరికి పాత గుల్లలోంచి మెత్తటి వెనుక భాగాన్ని లాగి, రెప్పపాటులో కొత్తదానిలోకి దూర్చుకుంది. పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. "ఇల్లు మారింది, అద్దె ఎంతో?" అన్నారు మామయ్య.

ఆ దృశ్యం మాకు మరో విధంగానూ పనికివచ్చింది. పిల్లలకు గుల్లలు ఏరుకోవడం సహజం, దీవుల నుంచి వాటిని తీసుకుపోవడం మాత్రం నిషేధం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకూ కొన్ని రకాల గుల్లలకూ రక్షణ ఇచ్చింది, విమానాశ్రయంలో సామాను స్కానింగులో దొరికితే తీయించేస్తారు. చట్టం చెబితే మూడేళ్ళ పిల్ల వినదు, "ఇది నువ్వు తీసుకుపోతే ఆ పీతకు ఇల్లుండదు" అంటే వింటుంది. సాయంత్రం వరకు ఏరినవన్నీ చీకటిపడేలోగా తీరానికి తిరిగి పోయడం మా ఇంటి నియమమైంది.

ఏడో నంబరు తీరానికి వారానికోసారి వెళ్ళేవాళ్ళం. పడమటి ముఖంగా ఉండే రాధానగర్ అందంలో దేనికీ తీసిపోదు, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో పొందింది, ఒడ్డునే ఆకాశాన్నంటే చెట్లున్నాయి. అక్కడ అలలు మాత్రం పిల్లల్ని పడగొట్టేంత బలంగా ఉంటాయి. పైగా ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. భయపడి మానేయాలని చెప్పడం లేదు, హెచ్చరిక బోర్డులున్న చోట, ముఖ్యంగా కాలువలు సముద్రంలో కలిసే చోట్లా మడ అడవుల దగ్గరా పిల్లల్ని నీళ్ళలోకి దింపకూడదని చెబుతున్నాను. లైఫ్‌గార్డు ఈల వేస్తే వాదించే తండ్రులు కూడా కనిపించారు, వారిని చూస్తే నాకు మొసలి కన్నా ఎక్కువ భయం వేసింది.

మొసళ్ళు అరుదు, ఇసుక ఈగలు నిత్యం. కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు ఎర్రగా పొంగి వారం రోజులు దురద పెడతాయి, పిల్లలు గోకితే పుండ్లవుతాయి. తెల్లవారుజామునా సాయంత్రమూ తడి ఇసుక మీద కూర్చోకుండా చాప వేయడం, కాళ్ళకు కొబ్బరినూనె పట్టించడం అక్కడివారు చెప్పిన ఉపాయం. కొంతవరకు పనిచేసింది. దీవిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్ద వైద్యానికి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి వెళ్ళాలి, మధ్యలో సముద్రం ఉంది. అందుకని జ్వరం సిరప్పు, ఓఆర్ఎస్, పిల్లలకు అలవాటైన మందులు ఇంటి నుంచే తీసుకువెళ్ళాలి.

వంట విషయం కాస్త ఎక్కువ రాయక తప్పదు. వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే ఖర్చు కలిసివస్తుందని అందరూ చెబుతారు, ఆ వంటగదిలో ఎవరు నిలబడతారో ఎవరూ చెప్పరు. మొదటి వారంలో అత్తయ్యా నేనూ ఇంటి దగ్గర చేసిన పనే సముద్రం ఎదుట చేశాం. పప్పు, చారు, పెరుగన్నం లేకపోతే పిల్లలు తినరన్నది వంక మాత్రమేనని తరువాత తేలింది. దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు కనుక హావ్‌లాక్ ప్రధానంగా బెంగాలీ ఊరు. మూడో నంబరు బజారులో ఒక చిన్న మెస్సులో మధ్యాహ్నం అన్నం, పలుచటి పప్పు, బంగాళదుంపలు వేసిన చేపల పులుసు పెడతారు. ముళ్ళు తీసి కలిపితే మా చిన్నది మారు అడిగి తిన్నది. ఆనాటి నుంచి మధ్యాహ్నం పొయ్యి వెలిగించలేదు. రాత్రికి అత్తయ్య వండితే గిన్నెలు మావారు తోమేవారు, ఆ దృశ్యానికి అలవాటు పడడానికి అత్తయ్యకు కొన్నాళ్ళు పట్టింది.

మావారికి పూర్తి సెలవు లేదు, రోజులో సగం ఆఫీసు పని చేసుకున్నారు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబులు ప్రారంభమైన తరువాతనే ఇది సాధ్యమైంది, అంతకు ముందు ఈ దీవులు ఉపగ్రహాల మీద ఆధారపడేవి. కరెంటు పోతే మాత్రం నెట్టూ పోతుంది, ముఖ్యమైన మీటింగులున్న వారు ఆలోచించుకోవాలి. గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగే స్కూబాకు పదేళ్ళ లోపు వారిని తీసుకోరు, కాబట్టి పెద్దవాళ్ళం వంతులు వేసుకుని వెళ్ళాం. పిల్లలకు ఎలిఫెంట్ బీచి దగ్గర అద్దాల అడుగున్న పడవే పరమానందం.

రెండో వారంలో ఒక విసుగు వచ్చిన మాట కూడా రాయాలి. బొమ్మలు లేవు, టీవీ లేదు, "ఇంటికి ఎప్పుడు వెళతాం?" అన్న ప్రశ్న రోజూ వినిపించింది. అక్కడే తొందరపడి మరో దీవికి టికెట్లు కొనేవాళ్ళమే, మామయ్య ఆపారు. నాలుగు రోజులకు ఆ విసుగు దానంతటదే పోయింది. పక్కింటి బెంగాలీ పిల్లలు వచ్చారు, భాష కలవకపోయినా కొబ్బరి మట్టలతో బండి కట్టి ఒకరినొకరు లాక్కున్నారు, ఆ తరువాత ఇంటి మాటే ఎత్తలేదు.

వెళ్ళదలచిన వారు జనవరి నుంచి ఏప్రిల్ లోపు చూసుకోవడం మంచిది. మే మూడో వారానికల్లా నైరుతి రుతుపవనాలు కేరళ కన్నా ముందే అండమాన్‌ను తాకుతాయి, అప్పటి నుంచి సముద్రం బాగులేని రోజుల్లో ఫెర్రీలు ఆగిపోతుంటాయి. తిరుగు విమానానికి కనీసం ఒక రోజు ముందే పోర్ట్ బ్లెయిర్ చేరుకోవాలి. వచ్చేసారి విశాఖ నుంచి ఓడలో వెళ్దామని మామయ్య పట్టుబట్టి ఉన్నారు. అది సుమారు 56 గంటల ప్రయాణం, మావాడు ఇప్పటికే తాతయ్య పక్షం చేరాడు. "రెండున్నర రోజులు ఆ వాంతులు ఎవరు కడుగుతారో ముందు అది తేల్చండి" అంటోంది అత్తయ్య. మావారు ఇంకా ఏ మాటా చెప్పలేదు.