ఒక్కపొద్దూ నిప్పట్ల డబ్బా

మా అమ్మ నిప్పట్లు చేసి డబ్బాకెత్తితే ఇంట్లో నలుగురికీ నెల రోజులు వస్తాయి. పోయిన పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) అలాంటి డబ్బాను నేనొక్కదాన్నే మూడు రాత్రుల్లో ఖాళీ చేశాను.

నిప్పట్లంటే తెలియని వాళ్లకు: మీరు చెక్కలంటారే, అవే. మా చిత్తూరు వైపు చెనిక్కాయ పలుకులు కాస్త ఎక్కువ వేస్తారు. కొరికితే పక్క గదికి వినపడతాయి. అందుకని కొరికేదాన్ని కాదు. ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నానేదాకా ఆగి, మెత్తబడ్డాక మింగేదాన్ని. మూత 'టప్' మనకుండా దానికి చున్నీ చుట్టి తీసేదాన్ని. రాత్రి ఒంటిగంటన్నర. మూడడుగుల దూరంలో రూమ్మేట్ నిద్రపోతుండేది. ఆకలేసినవాళ్లెవరైనా ఇలా తింటారా? రుచి కూడా తెలిసేది కాదు. డబ్బా అడుగున పొడి చేతికి తగిలినప్పుడు మాత్రం ఏడుపొచ్చేది.

తిరుపతిలో ఎమ్మెస్సీ రెండో ఏడాది. బాలాజీ కాలనీ దగ్గర హాస్టల్. ప్రాజెక్టు ముందుకు కదలదు, నెట్ పరీక్ష తరుముకొస్తోంది. దానికి తోడు ఆ ఏడు తోతాపురి మామిడికి రేటు లేదు. కాయల ట్రాక్టరుతో నాన్న గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరసలో రెండు రాత్రులు పడిగాపులు పడ్డాడు. ఆ డబ్బుతోనే నా ఫీజు కట్టాడు. పుస్తకం తెరిస్తే అక్షరాలకు బదులు ఆ ట్రాక్టరే కనపడేది.

రాత్రి తిన్నది పొద్దున్నే గుర్తొచ్చి కడుపు మాడ్చుకునేదాన్ని. తిరుపతిలో పెరటాసి శనివారం ఒక్కపొద్దు అంటే ఎందుకని ఎవరూ అడగరు. పైగా 'ఎంత భక్తో' అంటారు. మొదట శనివారం ఒకటే. తర్వాత సోమవారం శివుడికని కపిలతీర్థం దాకా వెళ్లొచ్చాను. ఆపైన గురువారం సాయిబాబాకు. దేవుళ్లకేం, మనకు కొదవ లేదు. నిజానికి ఏ సామికీ ఉన్నది కాదు అది, ముందురోజు రాత్రి బాకీ చెల్లగొట్టుకోవడం. పగలంతా టీ నీళ్లతో గడిపితే రాత్రికి మళ్లీ డబ్బా. నాకు నాలుక మీద అదుపు లేదని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఫోన్లో వెతికితే దీనికో పేరుందని తెలిసింది, బింజ్ ఈటింగ్ డిజార్డర్. అమెరికా మానసిక వైద్యులు వాడే జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5లో 2013లో దీన్ని విడి జబ్బుగా చేర్చారు. వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు ఉంటేనే లెక్కట. నాది రెండు నెలలే, గండం గడిచిందని సంబరపడ్డాను. మూడో నెల కూడా వచ్చింది.

14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఉచిత నంబరు. తెలుగులోనే మాట్లాడారు. తిన్నాక వాంతి చేసుకుంటున్నావా, మందులేమైనా మింగుతున్నావా అని ఫోనెత్తినామె ముందు కనుక్కుంది. లేదన్నాను. ఇక రాత్రుల గురించి అడుగుతుందని గుండె దిటవు చేసుకుంటే, "నిన్న పొద్దున ఏం తిన్నావమ్మా?" అంది. టీ అన్నాను. "మొన్న పొద్దున?" టీ. ఆమె ఇంకేం అనకముందే నాకు అర్థమైపోయింది.

టెన్షన్ ఎక్కువ రోజులుంటే కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, తీపి మీదికీ నూనె వంటల మీదికీ మనసు లాగుతుంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ కూడా ఎక్కువవుతుంది. వీటి మీద పన్నెండు గంటల ఖాళీ కడుపు పెట్టి, అదుపు లేదని ఏడిస్తే ఏం లాభం?

మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండొద్దని ఫోన్లో ఆమె చెప్పింది. ఇడ్లీ, పదకొండింటికి అరటిపండు, మధ్యాహ్నం అన్నం, అయిదింటికి టీతో ఏదో ఒకటి. హాస్టల్లో రాత్రి భోజనం ఎనిమిదికే అయిపోతుంది, నేను చదివేది ఒంటిగంట దాకా. అందుకే పదిన్నరకు కెటిల్లో రాగిజావ. మొదటి వారం బుడగలా ఊరిపోతానని భయమేసింది. ప్రాజెక్టు వైవా ముందురోజు మళ్లీ పాత కథే. లీలామహల్ దగ్గర బండి మీద మూడు కారం దోసెలు తిని, రూముకొచ్చి రూమ్మేట్ బిస్కెట్లు కూడా. మరునాడు పొద్దున ఇడ్లీ తినడమే అన్నిటికన్నా కష్టమైంది. ప్లేటు ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నా. తిన్నాను.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మకు చెప్పాను, అంతా కాదు, ఒక్కపొద్దుల సంగతి. పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "నీ ఒక్కపొద్దు కూడా నేనే ఉంటాలే పాపా, సామి ఒప్పుకుంటాడు" అంది. వచ్చేటప్పుడు మళ్లీ డబ్బా సర్దింది. వద్దనబోయి ఊరుకున్నా.

సాయంత్రం టీ పెట్టి, రూమ్మేట్ ముందే మూత తీశాను. ప్లేట్లో తనకు మూడు, నాకు మూడు. తను ఒకటి కరకరా కొరికి, "ఏమే, అక్టోబరులో మన రూములో ఎలుక తిరిగేది గుర్తుందా?" అంది. "వార్డెన్‌కు చెప్పి బోను కూడా అడిగాను."