బావి గిలకతో భయపెట్టడం: హారర్ ట్రైలర్‌కి సౌండ్ చేసిన నా అనుభవం

మా ఫ్రెండ్ తీసిన హారర్ షార్ట్ ఫిల్మ్‌కి ట్రైలర్ కట్ చేసే పని నా నెత్తిన పడింది. పెళ్లి వీడియోలు, చిన్న చిన్న యాడ్స్ ఎడిట్ చేసుకునే నాకు బొమ్మ కట్ చేయడం కష్టమనిపించలేదు గానీ సౌండ్ మాత్రం బుర్ర తినేసింది. కథ క్లుప్తంగా ఇదీ: కోనసీమలో ఒక పాత పెంకుటిల్లు, పెరట్లో ఎవరూ వాడని బావి, ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. రాత్రిపూట బావి గిలక దానంతటదే తిరుగుతుంది. ఇంతకు మించి చెబితే డైరెక్టర్ ఊరుకోడు.

సినిమాలో మనకి వినపడే వాటిలో కొన్ని పాత్రలకీ వినపడతాయి. తలుపు కిర్రుమనడం, టీవీలో వార్తలు, కుక్క ఏడుపు, ఇలాంటివన్నీ డైజెటిక్. కొన్ని చూసేవాళ్లకి మాత్రమే. ఆర్ఆర్ (అంటే నేపథ్య సంగీతం), టైటిల్ పడేటప్పుడు వచ్చే దెబ్బ లాంటివి నాన్-డైజెటిక్. ఇక్కడ చాలామంది పడే తికమక ఒకటుంది, ఎఫెక్ట్స్ ట్రాక్‌లో ఉన్నదల్లా కథలోని శబ్దమే అనుకుంటారు. షాట్ మారినప్పుడు వేసే ఆ ‘హుష్’ కూడా ఎఫెక్ట్స్ ట్రాక్‌లోనే ఉంటుంది, దాన్ని ఏ పాత్రా వినదు.

మావాడు మొదట అడిగింది అందరూ అడిగేదే. “ఒరేయ్, పది సెకన్లకోసారి గుండె ఆగిపోవాలిరా.” సరేనని రెడీమేడ్ సౌండ్ లైబ్రరీ నుంచి రైజర్లు (అంతకంతకూ పెరిగే చప్పుళ్లు), హిట్లు (ఒక్కసారిగా పడే దెబ్బలు), సబ్ డ్రాప్‌లు (కిందికి జారే లోతైన మోతలు) తెచ్చి పేర్చాను. చూస్తే ఏ సినిమా ట్రైలరో చెప్పలేనట్టు ఉంది. ఎందుకంటే రైజర్ మొదలవగానే ‘ఇంకో నాలుగు సెకన్లలో ఏదో వస్తుంది’ అని చూసేవాడికి చెప్పేస్తాం, వాడు కుర్చీ పట్టుకుని సిద్ధమైపోతాడు, ఇంక భయపడేదేముంది?

అందుకని మ్యూజిక్ ట్రాకులన్నీ మ్యూట్ చేసి, ఇంట్లో వినపడే చప్పుళ్లతోనే మొత్తం కట్ చేద్దామని కూర్చున్నా. 2013లో వచ్చిన ‘ది కంజ్యూరింగ్’ ట్రైలర్ గుర్తుందా, ఒట్టి చప్పట్ల చప్పుడుతో జనాన్ని వణికించారు. ఆ ధైర్యంతోనే దిగాను. తీరా చూస్తే మా షూటింగ్ ఆడియో నిండా జనరేటర్ మోతే, మధ్యలో రోడ్డు మీద లారీ హారన్. గిలక చప్పుడు వేరే రికార్డ్ చేయక తప్పదు.

బంధువుల ఊళ్లో ఇంకా గిలక ఉన్న బావి ఒకటి దొరికింది. ఆ ఇంటి తాతగారు నేను రికార్డర్ పెట్టగానే “కాస్త ఆముదం రాస్తే అరవదు బాబూ” అని సీసా తేబోయారు, బతిమాలి ఆపాల్సొచ్చింది. అక్కడే నాకో సంగతి తెలిసింది. ఖాళీ బొక్కెన దించుతుంటే గిలక గబగబా కీచుమంటుంది. నిండు బొక్కెన లాగుతుంటే అదే గిలక నెమ్మదిగా, ఆగి ఆగి మూలుగుతుంది. మా సినిమాలో తాడు పైకి వచ్చే షాట్‌కి ఈ రెండో చప్పుడు వేస్తే చాలు, కింద నుంచి ఏదో బరువైనది వస్తోందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి మా అక్కకి చూపిస్తే మొదట అడిగిన మాట “అందులోంచి ఏం లాగుతున్నార్రా?” అనే. పనిలో పనిగా బావిలో ఒక బెలూన్ పగలగొట్టి ఆ ప్రతిధ్వని కూడా పట్టుకున్నా, తర్వాత వేరే చప్పుళ్లకి అదే బావి మోత (రివర్బ్) కలుపుకోవడానికి.

మ్యూజిక్ తీసేస్తే ఇంకో తలనొప్పి. ప్రతి కట్ దగ్గరా గది శబ్దం మారిపోయి అతుకులు బయటపడతాయి. అన్ని షాట్ల కిందా సీలింగ్ ఫ్యాన్ టకటక పరిచాను. తర్వాత కరెంటు పోయే సీన్‌లో ఆ ఫ్యాన్ మెల్లగా తగ్గి ఆగిపోతుంది, అంతసేపూ ఫ్యాన్ ఉందని కూడా గమనించనివాళ్లు అది ఆగగానే ఉలిక్కిపడతారు. పూర్తి నిశ్శబ్దం మాత్రం పెట్టలేదు, ఫోన్‌లో చూసేవాళ్లు వీడియో హ్యాంగ్ అయిందనుకుంటారు. దూరంగా కీచురాళ్లు ఉంచాను.

అసలు పని ఇక్కడి నుంచి. 2018 డిసెంబర్‌లో వచ్చిన ‘అస్’ అనే హారర్ సినిమా ట్రైలర్‌లో కుటుంబమంతా కారులో వింటున్న పాటే, తర్వాత నెమ్మదించి తీగ వాయిద్యాల మీద వినపడుతూ ట్రైలర్ మొత్తాన్ని ఆక్రమిస్తుంది. కథ లోపలి పాట కథ బయటికి వచ్చేసిందన్నమాట. అదే దారి గిలకకి పట్టించాను. మొదట పెరట్లో, కోడలు తలతిప్పి చూస్తుంది, అంటే ఆమెకి వినపడింది. తర్వాత షాట్ వంటింట్లో, అయినా అదే మూలుగు. ఆ తర్వాత పడకగదిలో. ఆమె తిరిగి చూడదు. ఆమెకి వినపడుతోందా, మనకేనా? ఆ అనుమానమే నాకు కావాల్సింది. అక్కడి నుంచి వేగం సగానికి, శ్రుతి ఒక స్థాయి కిందికి దించి, బావి ప్రతిధ్వని కలిపితే అదే తాళంగా మారిపోయింది. మా మ్యూజిక్ డైరెక్టర్ దాని మీద చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) మీద ఒక్క గీత వేశాడు, అంతే. టైటిల్ దగ్గర హిట్ మాత్రం ఉంచాం, పంతానికి పోయి మంచి దెబ్బ వదులుకోవడం దేనికి?

మిక్స్‌లో నేను ఎక్కువ టైమ్ పెట్టింది ఫోన్ స్పీకర్ మీద. హెడ్‌ఫోన్స్‌లో కడుపు అదిరే సబ్ (బాగా లోతైన మోత) ఫోన్‌లో అసలు వినపడదు, అందుకని దానికి కాస్త శాచురేషన్ (కొద్దిగా గరగరలాడించే ఎఫెక్ట్) ఇచ్చి పై ఫ్రీక్వెన్సీలు పుట్టించాలి. గిలకది ఎలాగూ మధ్య స్థాయి చప్పుడు కాబట్టి ఇబ్బంది లేదు. ఇక మొత్తం లౌడ్‌గా చేసి పంపితే యూట్యూబ్ దాన్ని సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (శబ్దం ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క) తగ్గించేస్తుంది, మీ హిట్‌కీ మామూలు మాటకీ తేడా మిగలదు. ముందున్నదంతా నెమ్మదిగా ఉంచితేనే హిట్ హిట్టులా ఉంటుంది.

ఇప్పుడు డైరెక్టర్ దీన్నే రీల్‌గా నిలువు ఫ్రేములో అడుగుతున్నాడు. రీల్స్ సౌండ్ ఆపేసి చూసేవాళ్లు బోలెడుమంది కదరా అంటే, “పర్లేదు, కింద ‘గిలక చప్పుడు’ అని రాసెయ్” అంటాడు. నేనింకా ఒప్పుకోలేదు.