అంచు మీద డ్రైవరు

మా ముత్తాత బస్రాలో లారీ నడిపాడని అమ్మవాళ్ళ ఇంట్లో నూరేళ్ళుగా చెప్పుకుంటున్నారు. దానికి సాక్ష్యం ఒక వెండి బిళ్ళ. పాత రూపాయి కన్నా పెద్దది. అంచు మీద అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాల్లో ‘డి.వి.ఆర్.’ అన్న మూడు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. డ్రైవర్ అన్నమాటే కదా! అంతకన్నా రుజువేం కావాలి? మా మామయ్య గుంటూరులో ముప్పై ఏళ్ళకు పైగా ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. “స్టీరింగు మన రక్తంలోనే ఉంది అల్లుడూ” అని ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

మొన్న దసరాకు గుంటూరు వెళ్ళినప్పుడు ఆ బిళ్ళ సంగతి తేల్చుకుందామని నేనే బయలుదేరదీశాను. విజయవాడ వన్ టౌన్‌లో పాత సైనిక పతకాలు సేకరించే మాస్టారు ఒకరున్నారని మిత్రుడు చెప్పాడు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఫోను చేస్తే “సాయంత్రం నాలుగు దాటాక రండి, దయచేసి బిళ్ళను మాత్రం తోమకండి” అన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆయుధ పూజ నాడు అత్తయ్య చింతపండుతో తళతళలాడేలా తోమి, కుంకుమ పెట్టి, బస్సు తాళాల పక్కన పూజలో ఉంచింది.

గుంటూరు నుంచి విజయవాడ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. మంగళగిరి దాటేదాకా మామయ్య కిటికీలోంచి బయటికి చూడనే లేదు, డ్రైవరు కాలు క్లచ్ మీదే పెట్టి నడుపుతున్నాడని సణుగుతూనే ఉన్నాడు. బస్టాండులో దిగేసరికి రెండున్నర. ఇంకా చాలా సమయం ఉంది కనుక బందరు రోడ్డులో ఉన్న బాపు మ్యూజియానికి వెళ్ళాం.

దాని పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండిన 1887లో పునాది పడిన భవనం. మామయ్య కత్తులూ బాకులూ చూస్తుంటే నేను పింగళి వెంకయ్య గారి గురించి ఆలోచిస్తూ నిలబడిపోయాను. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు ఆయన తన జెండాను గాంధీజీకి అందించింది ఈ ఆవరణలోనే. రాణి పేరు మోసే భవనంలో జాతీయ జెండా! వెంకయ్య గారు యువకుడిగా బోయర్ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యంలో దక్షిణాఫ్రికా వెళ్ళినవారు. గాంధీజీ అదే యుద్ధంలో గాయపడ్డవారిని మోసే దళాన్ని నడిపి పతకం పొందారు. దానితో పాటు జూలూ యుద్ధ పతకాన్ని, కైసర్-ఇ-హింద్ బంగారు పతకాన్ని 1920 ఆగస్టు 1న వైస్రాయికి తిప్పి పంపేశారు. పతకాలు వదిలేసిన ఎనిమిది నెలలకు ఇక్కడ జెండా చేతికి తీసుకున్నారు. ఇదంతా మామయ్యకు చెబితే, “మనం మాత్రం తిప్పి పంపలేదు” అన్నాడు, జేబు తడుముకుంటూ.

మాస్టారి ఇల్లు కొండ మీద. వన్ టౌన్‌లో ఇంద్రకీలాద్రి వాలు మీద ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నట్టుంటాయి. నూటికి పైగా మెట్లు ఎక్కాం. మామయ్య మోకాళ్ళ గురించి ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

ముందు గదిలో చాప, దాని మీద తెల్లటి తువ్వాలు, ఒక భూతద్దం, వెర్నియర్ కాలిపర్స్, ఒక సుద్దముక్క. మాస్టారు బిళ్ళను అందుకుని ముఖం వైపు చూడనే లేదు. రెండు వేళ్ళతో అంచులు పట్టి నిలువుగా తిప్పారు. “రాజుగారి బొమ్మ 65 లక్షల బిళ్ళల మీద ఒకటే ఉంటుంది. మీ తాతగారు మాత్రం ఇక్కడున్నారు” అంటూ అంచు చూపించారు.

తర్వాత తీరిగ్గా చెప్పుకొచ్చారు. ఇది బ్రిటిష్ వార్ మెడల్, 1914-18 యుద్ధానిది. అడ్డంగా 36 మిల్లీమీటర్లు. దూరదేశాలకు కూలీ దళాల్లో వెళ్ళినవారిలో చాలామందికి ఇదే బిళ్ళను కంచుతో చేసి ఇచ్చారు. వెండిదంటే ఆయన సైన్యం లెక్కల్లో ఉన్నవాడే. అది విని మామయ్య నిటారుగా కూర్చున్నాడు. వెనక వైపు గుర్రం మీద ఒక మనిషి ఉన్నాడు, సెయింట్ జార్జి, ఒంటి మీద నూలుపోగు లేదు. గుర్రం కాళ్ళ కింద శత్రువు గద్ద డాలు, ఎముకల గుర్తు ఉండాలి. మా బిళ్ళ మీద గద్ద ఉన్నచోట నున్నటి గుంట మిగిలింది. నూరు దసరాల చింతపండు! మాస్టారు ఏమీ అనలేదు గానీ కళ్ళు మూసుకున్నారు. “బట్టల్లేని మనిషికా మా నాయనమ్మ ఇన్నేళ్ళు కుంకుమ పెట్టింది?” అని మామయ్య నిర్ఘాంతపోయాడు.

అప్పుడు సుద్దముక్క సంగతి తెలిసింది. దాన్ని గోటితో గీరి పొడి చేసి, దూదితో అంచుకు అద్ది, పైపొడిని మెల్లగా తుడిచేశారు. అక్షరాల గాడుల్లో తెల్లదనం నిలిచిపోయింది. ఇన్నేళ్ళూ చదవలేనిది బ్లాక్‌బోర్డు మీద రాసినంత శుభ్రంగా కనబడింది. ముందు ఒక నంబరు, తర్వాత డి.వి.ఆర్., తర్వాత ముత్తాత పేరు. గుమాస్తా ఎవరో చెవికి తోచినట్టు రాయడంతో మా ఇంటిపేరు తమిళం పేరులా మారిపోయింది. చివర ‘2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.’ కాలిపర్స్‌తో అంచు మందాన్ని నాలుగు చోట్ల కొలిచారు. పాత పేరు అరగదీసి కొత్త పేరు కొట్టిన బిళ్ళలు బజారులో తిరుగుతుంటాయట. అలాంటివి పేరున్న చోట పలచబడతాయి. మాది అంతటా ఒకే మందం.

“క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్. బెంగళూరు వాళ్ళు. వంతెనలు కట్టడం, బాటలు వేయడం, కోటగోడలు పేల్చడం వీళ్ళ పని. మెసపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు వెళ్ళారు, కాబట్టి మీ బస్రా మాట నిజమే కావచ్చు.”

“లారీ?” అన్నాడు మామయ్య.

మాస్టారు భూతద్దం కింద పెట్టారు. “ఆ రోజుల్లో ఈ దళంలో డ్రైవరంటే కంచరగాడిదలను తోలేవాడండీ. పలుగులు, పారలు, మందుగుండు వాటి మీదే వెళ్ళేవి.”

గదిలో ఫ్యాను చప్పుడు పెద్దదైపోయింది. ఆయన మాత్రం తన ధోరణిలో చెప్పుకుపోయారు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి 13 లక్షల మంది వెళ్ళారని, 1,70,000కు పైగా జంతువులు కూడా వెళ్ళాయని, తుపాకీ పట్టినవాడి కన్నా ముందు వరుసకు సరుకు తీసుకెళ్ళేవాడికే ఎన్నోసార్లు చావు దగ్గరగా ఉండేదని. మామయ్య వింటున్నాడో లేదో నాకు తెలియలేదు.

వాతావరణం తేలిక చేయడానికేమో, మాస్టారు తన పెట్టె తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధపు ఆరు మొనల నక్షత్రాలు. బ్రిటన్ తన సైనికులకు వాటిని పేరు లేకుండానే ఇచ్చింది, మనవాళ్ళకు ఇచ్చినవాటి మీద మాత్రం పేరు కొట్టింది. స్వాతంత్ర్య పతకం ఒకటి. మువ్వన్నెల రిబ్బను, అశోక చక్రం, దాని నెత్తిన ఇంకా ఇంగ్లండు కిరీటం! 1947కి గణతంత్రానికి మధ్య ఉన్న ఆ తికమకను ఇంత చిన్న చోట ఇంకెక్కడా చూడలేదు నేను. నాకు అన్నిటికన్నా నచ్చింది బోయర్ యుద్ధపు బిళ్ళ. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూపించారు. అక్షరాలు లేని ఖాళీ జాగాలో నీడలా 1899, 1900 అన్న అంకెలు. ఏడాదిలో ముగుస్తుందని ముందే సంవత్సరాలు చెక్కేశారు, అది 1902 దాకా సాగింది, దాంతో అంకెలు చెరిపేశారు, కొన్నిటి మీద మరక మిగిలింది. “ఫ్లైఓవర్ దగ్గర పూర్తయ్యే తేదీతో బోర్డు పెట్టినట్టు” అన్నాడు మామయ్య. ఆ అరగంటలో ఆయన నోరు విప్పింది అప్పుడే.

లేవబోతుంటే మాస్టారు, “దీనికి జంటగా సాధారణంగా ఇంకొకటి వస్తుంది. విక్టరీ మెడల్, కంచుది, రెక్కలున్న ఆడమనిషి బొమ్మ. మీ ఇంట్లో లేదా?” అని అడిగారు.

మామయ్య ముఖం మారింది. కాసేపు ఆగి, “రెక్కల అమ్మవారి బిళ్ళ. చిన్నప్పుడు నేనూ మా అక్కా దాంతో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. బాగా జారేది. ఏ గడిలో పోయిందో...” అన్నాడు. మా అక్క అంటే మా అమ్మే.

బిళ్ళకు ధర ఎంతని మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు. వెండి ధర పెరిగినప్పుడల్లా ఇలాంటివి ఎన్ని పట్టీలైపోయాయో అని మాత్రం అన్నారు. మెత్తటి గుడ్డలో చుట్టి ఇస్తూ, ఇక మీదట చింతపండు పూర్తిగా మానేయమని, వివరాలకు బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (ఆ దళానికి ఇప్పటి పేరు) కేంద్రానికి నంబరుతో సహా ఉత్తరం రాయమని చెప్పారు.

చీకటి పడ్డాక గుంటూరు బస్సెక్కాం. మామయ్య ఈసారి డ్రైవరు వెనక సీటు కాదని కిటికీ పక్కన కూర్చున్నాడు. వారధి మీదికి రాగానే చల్లగాలి కొట్టింది. కింద కృష్ణలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. క్లచ్ గురించి ఒక్క మాట లేదు. తాడేపల్లి దాటాక నా వైపు తిరిగాడు.

“కంచరగాడిద ఎంత బరువు మోస్తుందన్నాడు మాస్టారు?”

“డెబ్బై కిలోల పైన.”

కాసేపు లెక్క వేసుకున్నాడు.

“ఒక ప్యాసింజరు” అన్నాడు. ఆ తర్వాత, “లగేజీతో.”