సంతకం పెట్టని డ్రాయింగ్

ఈరోజంతా ఒక్క డ్రాయింగ్ దగ్గరే గడిచింది. స్టీల్ బీమ్ కాలమ్‌ని కలిసే చోట బోల్టులు కాస్త పక్కకి జరుపుతామని సైట్ వాళ్లు అడిగారు. బిగించడం సులువవుతుందట. సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే జాయింట్ బలంలో 98 శాతం ఖర్చవుతోంది. కట్టడాల భద్రతా నియమావళి, అంటే మేం 'కోడ్' అనేది, దాని ప్రకారం పాసే. "కోడ్ ఒప్పుకుంటోంది కదండీ, సంతకం పెడితే పంపేస్తాను" అన్నాడు నాతో పనిచేసే కుర్రాడు. నాకు చెయ్యి ఆడలేదు.

ఇలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ 1981 నాటి అమెరికా కాన్సాస్ సిటీ హోటల్ ప్రమాదం గుర్తొస్తుంది. లాబీలో రెండు నడక వంతెనలు ఒకదాని కింద ఒకటి వేలాడేవి. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి దిగే పొడవాటి రాడ్లే రెండింటినీ మోయాలి. బిగించడం కష్టమని ఒక్కో రాడ్‌ని రెండు చేశారు: పైకప్పు నుంచి పై వంతెనకి ఒకటి, అక్కణ్ణుంచి కింది వంతెనకి ఇంకొకటి. ఇద్దరు మనుషులు ఒకే తాడు పట్టుకుని వేలాడుతుంటే ఎవరి బరువు వాళ్ల చేతుల మీదే ఉంటుంది. కిందివాడు తాడు వదిలి పైవాడి కాళ్లు పట్టుకుంటే? తాడుకి తేడా లేదు, పైవాడి చేతులకి బరువు రెట్టింపు. పై వంతెన నట్ల దగ్గర జరిగింది అదే. మొదటి డిజైనే కోడ్ అడిగినంత బలంగా లేదని తర్వాత తేలింది. వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మార్పు చూపించిన షాప్ డ్రాయింగ్ (స్టీల్ భాగాలు తయారుచేసేవాళ్లు గీసే డ్రాయింగ్) మీద ఇంజనీరు ముద్ర ఉంది.

ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ 1945లో పారిస్ ఉపన్యాసంలో కాగితాలు కోసే కత్తి గురించి చెప్పాడు. అది దేనికో దాన్ని చేసేవాడికి ముందే తెలుసు. మనిషి అలా కాదు, ముందు పుడతాడు, తానేమిటో తన పనులతో తర్వాత తేల్చుకుంటాడు. బీమ్ ఎంత మోయాలో అది తయారు కాకముందే నేను రాసిపెడతాను. నేనెలాంటి ఇంజనీరునో ముందే గీసిన డ్రాయింగ్ మాత్రం ఎక్కడా లేదు. నిర్ణయం నాదే అయినా "కోడ్ ప్రకారం చేశాం" అని తప్పుకుంటే, ఆయన ఆత్మవంచన అన్నది అదే. కోడ్ అంటే నాకు చాలా గౌరవం. కానీ ఆ 98 నేను ఊహించిన బరువుకి వచ్చిన 98. బోల్టులు జరిగితే భారం కేంద్రం తప్పుతుంది. ఆ మెలిక లెక్కలోకి ఎక్కిందా? సాఫ్ట్‌వేర్ నేను అడిగినదానికే జవాబిస్తుంది.

ఇదే కుర్రాణ్ణి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెల్లకాగితం తీసుకుని, బరువు ఎటు నుంచి ఎటు దిగుతుందో బాణాలు గీయడం మొదలుపెట్టాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. సాయంత్రానికి ఇంకా మూడో బోల్టు దగ్గరే ఉన్నాం.

సైట్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. పని ఆగిపోయిందని సైట్ వాళ్ల బాధ, నిజమే. రేపు పదకొండింటికల్లా చెప్తానన్నాను. ఆ టెన్షన్‌తోనే ఇంటికొచ్చాను, బాణాల కాగితం బ్యాగ్‌లో ఉంది.