వంతెన అవతల పట్టుబడిన పిల్లాడు

ఎదుర్లంక దగ్గర గౌతమి వంతెన దాటితే యానాం. భాష అదే, బంధువులూ వాళ్ళే. పెట్రోలు రేటు మారుతుంది, పోలీసులు మారతారు. ఆ రెండో మార్పు ఎంత బరువో ముమ్మిడివరంలో ఇరవై ఏళ్ళుగా ప్లీడరుగా ఉన్న నాకు పోయిన నెలలోనే తెలిసింది.

మా పక్క ఊరి పదహారేళ్ళ కుర్రాడు యానాంలో సెల్‌ఫోన్ దొంగిలించాడని పట్టుకున్నారు. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో కూలికి వెళ్తుంది. పని మధ్యలోంచే పరుగెత్తుకొచ్చి, "పాండిచ్చేరి పట్టుకుపోతారా అమ్మగారూ?" అని అడిగింది. టెన్షన్‌తో నోట మాట రావట్లేదు.

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉంది, ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడి కేసు పుదుచ్చేరి పరిధిలోది. హైకోర్టు దాకా వెళ్తే అమరావతి కాదు, మద్రాసు. అదృష్టం కొద్దీ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం రెండు ఒడ్డులకీ ఒకటే. పట్టుకున్న 24 గంటల్లో పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఇలాంటి కేసులో పెద్దవాళ్ళెవరూ కలవకపోతే ఎఫ్‌ఐఆర్ కట్టరు, డైరీలో రాసుకుని పిల్లాడి ఇంటి పరిస్థితుల మీద రిపోర్టు తయారుచేస్తారు.

నా దిగులంతా ఆ రిపోర్టు గురించే. తండ్రి ఎప్పుడు ఇల్లు వదిలాడో, కుర్రాడు బడి ఎందుకు మానేశాడో అవతలి ఒడ్డున ఎవరికి తెలుసు? ఆ చట్టం 95వ సెక్షన్ ప్రకారం సొంత జిల్లా బోర్డుకు పంపొచ్చు. కానీ నేరారోపణ ఉన్న పిల్లల్ని విచారణ పూర్తయి తుది ఉత్తర్వు వచ్చాకే పంపాలి. అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోతుంది కదా!

మా చెల్లెలు వాళ్ళు అమెరికాలో మిలిటరీ బేస్ పక్కన ఉంటారు. అక్కడా ఇదే చిక్కట. ఫెడరల్, అంటే కేంద్ర, వ్యవస్థలో విడిగా పిల్లల కోర్టులు లేవు. అందుకే 1974లో చట్టం సవరించి రాష్ట్రానికే మొదటి చోటు ఇచ్చారు. రాష్ట్రానికి అధికారం లేదనో, అది కేసు వద్దందనో అటార్నీ జనరల్ ధ్రువీకరిస్తే తప్ప మామూలుగా ఫెడరల్ కోర్టు చేపట్టదు. కానీ కొన్ని బేస్‌ల భూమి మీద అధికారమంతా కేంద్రానిదే, రాష్ట్ర కోర్టు కలగజేసుకోలేదు. అలాంటి చోట కేంద్రం కొంత అధికారం వదులుకుంటే, రాష్ట్రం దాన్ని స్వీకరించి పిల్లల కేసులు తన కోర్టుకు తెచ్చుకుంటుంది. ఈమధ్య కొన్ని రాష్ట్రాలు అందుకు చట్టాలు కూడా చేశాయి. మనకీ విచారణ మధ్యలోనే బదిలీకి వీలుండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

హెడ్‌మాస్టరు గారి దగ్గర హాజరు వివరాలు రాయించుకుని నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. అక్కడి అధికారి ఓపిగ్గా చదివి రిపోర్టులో చేర్చారు. కుర్రాడు బెయిలు మీద ఇంటికొచ్చాడు. సోమవారం మళ్ళీ వాయిదా. ఆ రోజు కూలి పోగొట్టుకుని వాళ్ళమ్మ నాతో వంతెన దాటాలి.