డిస్నీ వరల్డ్‌కి స్నేహితులతో: లోపలి హోటల్‌లో దిగితే ఏం కలిసొస్తుంది, ఎక్కడ దెబ్బతింటారు

ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి ఆరుగురు కలిసి వెళ్దామని వాట్సాప్ గ్రూపు పెట్టగానే మొదలయ్యే తగువు హోటల్ గురించే. డిస్నీవాళ్లే తమ ఆవరణలో నడిపే లోపలి హోటల్ దండగ అని ఒకరు, అంత దూరం వెళ్లి బయట ఉండడమేంటని ఇంకొకరు. గదిని మాత్రమే చూస్తే మొదటివాళ్లదే న్యాయం. డిస్నీవాళ్ల చవక హోటళ్లలో ఒకటైన పాప్ సెంచరీలో గది 260 చదరపు అడుగులు. అదే డబ్బుకి బయట వంటగదితో సహా పెద్ద సూటే దొరుకుతుంది. లోపల దిగినవాళ్లు అదనంగా పెట్టే డబ్బంతా రెండు సౌకర్యాలకే: పొద్దున అరగంట ముందు ప్రవేశం, లైట్నింగ్ లేన్‌ని (డబ్బు కట్టి రైడ్ల దగ్గర చిన్న లైన్లోంచి వెళ్లే పద్ధతి) ఏడు రోజుల ముందే బుక్ చేసుకునే వీలు. ఈ రెంటినీ వాడుకోగలిగే గుంపైతేనే లోపల దిగాలి.

అరగంట అంటే తేలిగ్గా తీసేయకండి. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లని నాలుగు పార్కుల్లోనూ (మేజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్) ప్రతిరోజూ అధికారిక సమయానికి 30 నిమిషాల ముందు రైడ్ల దగ్గరికి వదులుతారు. మధ్యాహ్నం గంటకు పైగా నిలబెట్టే లైన్లు అప్పుడు పావుగంటలో కదిలిపోతాయి. కాకపోతే పార్కు 9కి తెరిస్తే 8:30కి గేటు దగ్గరికి చేరితే లాభం లేదు, ఆ పాటికే మీ ముందు వందలమంది ఉంటారు. 8 గంటలకల్లా గేటు దగ్గర ఉండాలి, అంటే ఏడుంబావుకి గది తలుపు వేసేయాలి. రాత్రి రెండింటిదాకా పేకాడి పదింటికి లేచే బ్యాచ్ అయితే మొహమాటం లేకుండా బయటి హోటల్ చూసుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ ముందు ప్రవేశం చెకిన్ రోజు పొద్దున్నుంచే మొదలై, చెకౌట్ రోజు కూడా నడుస్తుంది. మూడు రాత్రులు ఉంటే నాలుగు ఉదయాలు దక్కుతాయి. గది మధ్యాహ్నం 3 తర్వాతే ఇస్తారు కాబట్టి, సూట్‌కేసులు హోటల్ బెల్ సర్వీసెస్‌లో పెట్టేసి నేరుగా పార్కుకి పోవచ్చు.

మన వాళ్లలో మూడు నాలుగు కుటుంబాలు కలిస్తే కిస్సిమీ, డావెన్‌పోర్ట్ వైపు స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం రివాజు. రాత్రి చారు, అన్నం వండుకోవచ్చు, పెద్దవాళ్లకి సుఖం. పసిపిల్లలు ఎక్కువుంటే అదే మంచి పని కూడా. సగంమంది ఆ ఇంట్లో, సగంమంది డిస్నీ హోటల్‌లో ఉండడం మాత్రం అన్నింటికన్నా చెడ్డ ఏర్పాటు. హోటల్‌లో దిగినవాళ్లకి ఏడు రోజుల ముందు లైట్నింగ్ లేన్ బుకింగ్ తెరుచుకుంటే బయటివాళ్లకి మూడు రోజుల ముందే తెరుచుకుంటుంది. పొద్దున గేటు దగ్గర కూడా ఒక్కొక్కరి టికెట్టూ స్కాన్ చేసి, హోటల్ బుకింగ్‌లో పేరు లేనివాళ్లని ఆపేస్తారు. స్నేహితుడు పక్కనే ఉన్నాడని వదలరు.

ఇక ఏ హోటల్? ఖరీదైనవి పక్కన పెడితే పాప్ సెంచరీయే నా ఓటు. కారణం స్కైలైనర్ అనే కేబుల్ కారు. 2019లో మొదలైన ఈ లైను పాప్ సెంచరీకీ, చెరువు అవతలున్న ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్‌కీ ఉమ్మడిగా ఉన్న స్టేషన్ నుంచి కరీబియన్ బీచ్ జంక్షన్‌కి వెళ్తుంది. అక్కడ దిగి హాలీవుడ్ స్టూడియోస్‌కి ఒక లైను, ఎప్‌కాట్‌కి ఇంకో లైను పట్టుకోవాలి. ఒక్కో క్యాబిన్‌లో పదిమంది దాకా పడతారు, గుంపు విడిపోదు. ఏసీ ఉండదు, గాలి ఆడే కిటికీలే. మెరుపులొచ్చినా, గాలి జోరుగా వీచినా ఆపేసి బస్సులు వేస్తారు.

ఆరుగురికి ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఫ్యామిలీ సూట్ ఉంది: రెండు బాత్రూములు, చిన్న వంట అర, మైక్రోవేవ్. వినడానికి బాగుంటుంది గానీ చాలా తేదీల్లో పాప్ సెంచరీలో రెండు గదులే అంతకన్నా చవగ్గా పడతాయి. బుక్ చేసేముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు గదులైతే రెండు బుకింగులనూ కలిపి నోట్ చేయమనీ, పక్కపక్క గదులు కావాలనీ ముందే ఫోన్ చేసి చెప్పాలి. అది విన్నపమే, హామీ కాదు.

పాప్ సెంచరీ గదిలో నలుగురు పడతారు. ఒక క్వీన్ మంచం, ఇంకోటి గోడ నుంచి కిందికి దించే మంచం. దాన్ని దించితే టేబుల్ మాయమైపోతుంది కాబట్టి పడుకునేముందే లాప్‌టాప్, తినుబండారాలు అక్కణ్ణుంచి తీసేయాలి. సూట్‌కేసులు మొదటి మంచం కిందికి తోసేయొచ్చు. బాత్రూము ఒక్కటే, ఏడుంబావుకి బయల్దేరాలన్న ప్లాను దెబ్బతినేది ఇక్కడే. ఇద్దరు రాత్రే స్నానం చేసేయాలని ముందే ఒప్పందం చేసుకోండి. గదిలో ఫ్రిజ్, కాఫీ మెషీన్ ఉంటాయి, మైక్రోవేవ్ ఉండదు. పులిహోర వేడి చేసుకోవాలంటే కింద ఫుడ్ కోర్టులో ఉన్నవాటికి వెళ్లాలి.

ఇప్పుడు అసలు పని, యాప్. మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో ఒక్కరే పెత్తనం తీసుకోవాలి. మిగతావాళ్లందరూ సొంత అకౌంట్లు తెరిచి ఆ ఒక్కరితో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ జాబితాలో చేరాలి. ప్రతి ఒక్కరి టికెట్టూ వాళ్ల పేరుకే ముడిపడాలి. హోటల్ బుకింగ్‌లో అందరి పేర్లూ ఉండాలి. ‘గెస్ట్ 2’ అని వదిలేస్తే ఆ మనిషికి ఏడు రోజుల బుకింగ్ తెరుచుకోదు. ఇవన్నీ ప్రయాణానికి పది రోజుల ముందే పూర్తిచేసి, లైట్నింగ్ లేన్ తెరలో అందరి పేర్ల పక్కా టిక్ పడుతోందో లేదో చూసుకోవాలి. పొద్దున్నే 7 గంటలకి ఒకరి పేరు కనబడక తడుముకుంటుంటే, మంచి టైములు ఎగిరిపోతాయి.

ఆ 7 గంటలు ఓర్లాండో టైము. పెత్తనం చేసేవాళ్లు డాలస్‌లో ఉంటే తెల్లారి 6, బే ఏరియాలో ఉంటే 4. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఆ పని అప్పగిస్తే వేసవిలో సాయంత్రం 4:30, చలికాలంలో 5:30. నిద్రపోయే టైము కాదు కదా, అకౌంటు ఇస్తే హాయిగా చేసిపెడతాడు. చెకిన్ తేదీకి సరిగ్గా ఏడు రోజుల ముందు తెరుచుకుంటుంది, అదే రోజు మీ బస మొత్తానికీ, 14 రోజుల దాకా, ఒకేసారి బుక్ చేసేయొచ్చు. అందుకే బసలో చివరి రోజులకి టైములు బాగా దొరుకుతాయి. అందరూ కొట్లాడుకునే రైడ్లున్న పార్కుని చివర్లో పెట్టుకోవడం తెలివైన పని.

లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ 2024 జూలైలో పాత జీనీ ప్లస్ స్థానంలో వచ్చింది. మనిషికి రోజుకి ఇంత అని ధర, తేదీని బట్టీ పార్కుని బట్టీ మారుతుంది. ముందుగా ఒకే పార్కులో మూడు రైడ్లు ఎంచుకుంటారు. మేజిక్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్, ఎప్‌కాట్‌లలో గిరాకీ ఉన్న జాబితా నుంచి ఒకటి, మామూలు జాబితా నుంచి రెండు. మొదటిదానికి గేటు దగ్గర ట్యాప్ చేయగానే నాలుగోది బుక్ చేసుకోవచ్చు, అప్పట్నుంచి జాబితాల గోల ఉండదు. కిటుకు ఇక్కడే ఉంది. మామూలు జాబితాలోని ఏదో ఒక రైడ్‌కి పార్కు తెరిచిన వెంటనే వచ్చే గంట పట్టండి. దానికి ట్యాప్ చేసిన మరుక్షణం గిరాకీ రైడ్ రెండోది అడగొచ్చు. మూడూ మధ్యాహ్నానికి పెట్టుకుంటే డబ్బు కట్టి కూడా పొద్దంతా ఖాళీగా తిరుగుతారు.

ట్రాన్, గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ అనే రైడ్లు ఈ పాస్‌లోకి రావు, ఒక్కోదానికి విడిగా డబ్బు కట్టాలి. యానిమల్ కింగ్‌డమ్‌కైతే మల్టీ పాస్ అక్కర్లేదనే నా లెక్క. ముందు ప్రవేశంతో ఫ్లైట్ ఆఫ్ పాసేజ్, ఆ వెంటనే సఫారీ ముగిస్తే మిగతావి మామూలు లైన్లో అయిపోతాయి. ఆరుగురికి ఆ ఒక్క రోజు పాస్ మిగిల్చిన డబ్బుతో మంచి భోజనమే వస్తుంది.

హాలీవుడ్ స్టూడియోస్ రోజున స్కైలైనర్ మొదలవడానికి పది పదిహేను నిమిషాల ముందే స్టేషన్‌లో నిలబడాలి. లోపలికి వదలగానే స్లింకీ డాగ్ డాష్. అది పూర్తిగా ఆరుబయట రైడ్. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఫ్లోరిడాలో మధ్యాహ్నం ఉరుములు దాదాపు రోజూ ఉండేవే. మెరుపు దగ్గర్లో కనబడితే చాలు ఆపేస్తారు, సాయంత్రానికి పెట్టుకుంటే దొరుకుతుందన్న నమ్మకం లేదు. మీ టైములో రైడ్ ఆగిపోతే ఆ పాస్ పోదు, వేరే రైడ్లకి వాడుకునేలా యాప్‌లో దానంతటదే మారిపోతుంది. రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్‌కి విడిగా డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే పార్కు మూసే ముందు లైన్లో దూరండి. మూసే టైముకి లైన్లో ఉన్నవాళ్లందర్నీ ఎక్కిస్తారు. స్మగ్లర్స్ రన్ మాత్రం ఆరుగురి గుంపు కోసమే కట్టినట్టుంటుంది. ఇద్దరు పైలట్లు, ఇద్దరు గన్నర్లు, ఇద్దరు ఇంజనీర్లు. పైలట్ల సీట్ల కోసం లైన్లోనే చీట్లు వేసుకోండి. ఒంటరిగా సింగిల్ రైడర్ లైన్లో వెళ్తే ఎక్కువగా దక్కేది వెనక ఇంజనీర్ సీటే. చాలా రోలర్ కోస్టర్లలో వరసకి ఇద్దరు కూర్చుంటారు కాబట్టి బేసి సంఖ్య గుంపులో ఎవరో ఒకరు ప్రతిసారీ తెలియనివాళ్ల పక్కన కూర్చోవాల్సిందే. వంతులు మార్చుకోకపోతే మూడో రోజుకి అలకలు తప్పవు.

మేజిక్ కింగ్‌డమ్‌కి సొంత కారున్నా బస్సే ఎక్కండి. కారులో వెళ్తే టికెట్ సెంటర్ దగ్గర ఆపి, అక్కణ్ణుంచి మోనోరైలో పడవో పట్టుకోవాలి. ఉబర్ కూడా అక్కడే దించుతుంది. హోటల్ బస్సు గేటు ఎదురుగా దించుతుంది. అరగంట ముందు ప్రవేశంలో ఇక్కడ తెరిచేది ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ మాత్రమే. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి అందరూ పరిగెడతారు, దాని తర్వాత పీటర్ పాన్స్ ఫ్లైట్. చిన్న పిల్లల రైడే కదా అని పీటర్ పాన్‌ని వాయిదా వేయొద్దు. ఒక్కో పడవలో పట్టేది కొద్దిమందే, అందుకే దాని లైను రోజంతా కదలదు. రాత్రి బాణసంచా అవ్వగానే అందరూ ఒక్కసారి గేటు మీద పడతారు. అరగంట మెయిన్ స్ట్రీట్ దుకాణాల్లో గడిపి బయల్దేరితే బస్సు లైను సగానికి తగ్గుతుంది.

ఎప్‌కాట్‌కి స్కైలైనర్ వెనక గేటు దగ్గర దించుతుంది. అక్కణ్ణుంచి పార్కులో ఫ్రాన్స్ పేరుతో ఉన్న విభాగంలోని రెమీ రైడ్ దగ్గర, గార్డియన్స్ దూరం. రెమీతో మొదలుపెట్టడమే సులువు.

గుంపులో పిల్లలుంటే ఎత్తు ముందే కొలవండి: ట్రాన్‌కి 122 సెంటీమీటర్లు, ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌కి 112, రైజ్‌కి 102, స్లింకీకి 97. తక్కువైన పిల్లలతో ఒకరు బయట ఉండి, మిగతావాళ్లు దిగాక మళ్లీ లైన్లో నిలబడకుండా ఎక్కే రైడర్ స్విచ్ ఉంది. లైన్లోకి వెళ్లేముందే అక్కడి సిబ్బందిని అడగాలి. తల తిరిగేవాళ్లు గార్డియన్స్‌కి గంట ముందే మాత్ర వేసుకోవాలి. ఎక్కాక వేసుకుంటే పనిచేయదు.

తిండి సంగతి. పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు కుదరవు. ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి, గాజు సీసా సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది. విడి ఐసు కూడా కుదరదు, గడ్డకట్టించిన జెల్ ప్యాకులు ఫరవాలేదు. కౌంటర్ హోటళ్లలో ఐసు నీళ్ల గ్లాసు ఉచితం, సీసా నీళ్లకి డబ్బు పోయకండి. శాకాహారులకి ఒక పూట సనా అనే రెస్టారెంట్‌లో భోజనం పెట్టండి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్‌లోని కిడానీ విలేజ్‌లో ఉంది, ఐదు రకాల రొట్టెలు, తొమ్మిది రకాల చట్నీలతో పళ్లెం వస్తుంది, కిటికీ బయట జిరాఫీలు, జీబ్రాలు మేస్తుంటాయి. టేబుల్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. హోటల్ గెస్టులు ఆ రోజే తమ బసలో పది రోజుల దాకా బుక్ చేసుకోవచ్చు. చీకటి పడ్డాక వెళ్తే జంతువులు సరిగా కనబడవు, మధ్యాహ్నానికే పెట్టుకోండి.

డబ్బు లెక్కల దగ్గర ఒక జాగ్రత్త. చేతికి కట్టుకునే మ్యాజిక్ బ్యాండ్ తాకిస్తే ఖర్చు గది ఖాతాలో పడుతుంది, గది ఖాతా అంటే బుక్ చేసినవాళ్ల కార్డు. చెకిన్‌లోనే మిగతావాళ్ల బ్యాండ్లకి ఆ వీలు తీసేయించండి. విమానాశ్రయం నుంచి డిస్నీవాళ్లు నడిపిన ఉచిత బస్సు 2022 జనవరిలో ఆగిపోయింది. ఆరుగురు, ఆరు సూట్‌కేసులు అంటే పెద్ద ఉబర్‌లో కూడా సామాను పట్టకపోవచ్చు, రెండు మామూలు కార్లు అడగడమే నయం. అద్దె కారు తీసుకుంటే హోటల్లోనూ పార్కుల్లోనూ పార్కింగ్ ఉచితమే.

చెకౌట్ 11కి. ఆ రోజు కూడా పొద్దున్నే పార్కుకి వెళ్లేట్టయితే రాత్రే సర్దుకుని, బయల్దేరేటప్పుడు సామాను బెల్ సర్వీసెస్‌లో అప్పగించి చీటీ తీసుకోండి. పదిన్నరకి గది ఖాళీ చేయడానికని పార్కు నుంచి వెనక్కి వచ్చారంటే ఆ ఉదయం పోయినట్టే.